బేస్ గిటార్ టోన్ పోలికలు: అపోహలు – వాస్తవాలు

రెండు బేస్ గిటార్లను పక్కపక్కన పెట్టి, వీటిలో ఏది మంచిదో తేల్చమని నన్ను తరచూ అడుగుతుంటారు. బేస్ వాయించడంతో పాటు తీగలు మార్చడం, పికప్‌ల (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) ఎత్తు సరిచేయడం, నెక్ (చేత్తో పట్టుకునే పొడవాటి భాగం) వంపును చక్కదిద్దడం కూడా చాలా ఏళ్లుగా చేస్తున్నవాడిగా ఒక సంగతి చెప్పగలను: ఆ పోలికల్లో ఎక్కువ భాగం నిజానికి రెండు బేస్‌ల మధ్య జరిగేవి కావు, వాటికి బిగించిన తీగల వయసు మధ్యా, యాంప్ (శబ్దాన్ని పెంచే యాంప్లిఫైయర్) మీద పెట్టిన వాల్యూమ్‌ల మధ్యా జరిగేవి. బేస్‌ల మధ్య తేడాలు లేవని నా ఉద్దేశం కాదు. ఉన్నాయి, కొన్ని చాలా పెద్దవి కూడా. అయితే చాలామంది వెతికే చోట అవి దొరకవు.

అపోహ: బేస్ టోన్‌ను (శబ్దపు రంగును) ప్రధానంగా నిర్ణయించేది బాడీకి వాడిన చెక్క.

వాస్తవం: ఎలక్ట్రిక్ బేస్ నుంచి యాంప్‌కు చేరేది చెక్క చేసే శబ్దం కాదు. పికప్ అయస్కాంత క్షేత్రంలో లోహపు తీగ కదిలినప్పుడు కాయిల్‌లో (తీగచుట్టలో) పుట్టే విద్యుత్ సంకేతమే అక్కడికి చేరుతుంది. తీగ కంపనాన్ని ఎంత త్వరగా, ఏ పౌనఃపున్యాల వద్ద పీల్చుకుంటుందన్న మేరకే చెక్కకు ఇందులో పాత్ర ఉంది. ఆ పని కూడా బరువైన బాడీ కంటే సన్నగా, పొడవుగా ఉండే నెక్కే ఎక్కువగా చేస్తుంది. ఒకే పికప్, ఒకే రకం తీగలు, ఒకే సెటప్ ఉన్న రెండు బేస్‌లలో బాడీ చెక్క తేడాను కళ్లు మూసుకుని గుర్తుపట్టడం నా వల్ల కాలేదు. గుర్తుపట్టగలమని వాదించేవారిని నేను కాదనను గాని, కళ్లు మూసుకునే వినమని మాత్రం అడుగుతాను.

టోన్‌ను అన్నిటికంటే ఎక్కువగా మార్చేది తీగ పొడవులో పికప్ ఎక్కడ కూర్చుందన్నది. దీనిని కాస్త వివరంగా చూడాలి. నట్ (నెక్ చివర తీగలు ఆనే చోటు) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) వరకు తీగ పొడవు 34 అంగుళాలున్న బేస్‌లో, బ్రిడ్జ్‌కు 4.25 అంగుళాల దూరంలో ఒక పికప్ ఉందనుకుందాం. అది తీగ పొడవులో సరిగ్గా ఎనిమిదో వంతు. తీగ తన 8వ హార్మోనిక్‌లో (మూల స్వరానికి ఎనిమిది రెట్ల పౌనఃపున్యంలో) కంపించేటప్పుడు ఆ బిందువు వద్ద కదలిక ఉండదు. కదలిక లేని చోట పికప్‌కు దొరికేదీ ఉండదు. ఓపెన్ (ఎక్కడా నొక్కకుండా మీటిన) ఇ తీగ 41.2 హెర్ట్జ్ కాబట్టి దాని 8వ హార్మోనిక్ ఉండే 330 హెర్ట్జ్ దగ్గర శబ్దంలో ఒక గుంట పడుతుంది. ఇప్పుడు అదే తీగ మీద 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డపట్టీ) దగ్గర నొక్కండి. తీగ 17 అంగుళాలకు తగ్గుతుంది, పికప్ ఉన్న చోటు దానికి నాలుగో వంతు అవుతుంది, స్వరం 82.4 హెర్ట్జ్‌కు చేరుతుంది. దాని 4వ హార్మోనిక్ మళ్లీ 330 హెర్ట్జే. అంటే ఏ ఫ్రెట్ నొక్కినా ఆ తీగకు ఆ గుంట కదలదు. తీగ మారితేనే కదులుతుంది: అదే పికప్‌కు ఎ తీగ మీద 440, డి తీగ మీద సుమారు 587, జి తీగ మీద 784 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. పికప్‌కు కొంత వెడల్పు, తీగకు కొంత బిరుసుతనం ఉంటాయి కాబట్టి వాస్తవంలో ఆ గుంట గీసినట్లు పదునుగా ఉండదు. అయినా ఇ తీగ మీద 5వ ఫ్రెట్‌లో వాయించిన ఎ స్వరానికీ, ఓపెన్ ఎ తీగకూ శ్రుతి ఒకటే అయినా రంగు వేరుగా ఎందుకు వినబడుతుందో దీనితో చాలావరకు తెలుస్తుంది. మొదటిదానిలో 6వ హార్మోనిక్ బలహీనపడితే, రెండోదానిలో 8వది బలహీనపడుతుంది. మిగిలిన తేడాకు తీగల మందం కారణం.

ప్రసిద్ధ బేస్‌ల స్వభావాలన్నీ ఈ లెక్క దగ్గరకే వచ్చి ఆగుతాయి. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ ఒకే సింగిల్ కాయిల్ పికప్‌తో వచ్చింది; 1957లో దానికి రెండు ముక్కల పికప్ పెట్టారు. ఆ ముక్కలలో ఒకటి ఇ, ఎ తీగల కింద నెక్ వైపుకు, మరొకటి డి, జి తీగల కింద బ్రిడ్జ్ వైపుకు జరిగి ఉంటాయి. రెండు కాయిళ్లనూ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో కలపడం వల్ల బయటి నుంచి వచ్చే హమ్ (విద్యుత్ రొద) రద్దవుతుంది. 1960లో వచ్చిన ఫెండర్ జాజ్ బేస్‌లో రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు దూరదూరంగా ఉంటాయి. రెండిటి వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిచినప్పుడు కొన్ని మధ్య పౌనఃపున్యాలు ఒక పికప్‌లో పైకి, రెండో పికప్‌లో కిందికి కదిలి పరస్పరం రద్దవుతాయి. చాలామంది మెచ్చుకునే ఆ నాజూకుతనం అక్కడిదే. 1970ల తొలినాళ్లలో ఆ బ్రిడ్జ్ పికప్‌ను అర అంగుళం లోపే బ్రిడ్జ్ వైపుకు జరిపినందుకు 60ల జాజ్, 70ల జాజ్ అని వాయించేవారు నేటికీ విడివిడిగా మాట్లాడుకుంటారు. చెక్క గురించి గంటలకొద్దీ వాదించేవారు ఈ అర అంగుళాన్ని పట్టించుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది.

అపోహ: రెండు బేస్‌లను ఒకే యాంప్‌కు కలిపి వాయిస్తే చాలు, పోలిక సరైనదే.

వాస్తవం: ఒకసారి నా దగ్గరకు వచ్చిన రెండు బేస్‌లలో ఒకటి మొద్దుగా, మరొకటి తళతళలాడుతూ వినిపించాయి. మొదటిదానికి ఏళ్లనాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, రెండోదానికి అప్పుడే బిగించిన రౌండ్‌వౌండ్ తీగలు ఉన్నాయి. తీగలను అటూ ఇటూ మార్చగానే మొద్దుగా ఉన్నది తళతళలాడింది, తళతళలాడినది మొద్దుబారింది. రౌండ్‌వౌండ్ తీగ మీద గుండ్రటి తీగ చుట్టి ఉంటుంది, ఫ్లాట్‌వౌండ్ మీద చదునైన పట్టీ చుట్టి ఉంటుంది. మొదటిది పై హార్మోనిక్స్‌ను ఎక్కువసేపు నిలుపుతుంది, కాని చెమట, మురికి చుట్ల మధ్య చేరేకొద్దీ ఆ మెరుపును పోగొట్టుకుంటుంది. మోటౌన్ రికార్డుల బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకుని, బ్రిడ్జ్ దగ్గర తీగలకు ఫోమ్ ఆనించి, చూపుడువేలొక్కటితో వాయించేవాడు. కొత్త రౌండ్‌వౌండ్ తీగలున్న ప్రెసిషన్ కొని, అందులో ఆ శబ్దం లేదని నిరాశపడేవారు బేస్‌ను నిందించడం అన్యాయం.

తీగల తర్వాత మనల్ని ఎక్కువగా మోసగించేది వాల్యూమ్. రెండింటిలో కాస్త బిగ్గరగా ఉన్నది మంచిదిగా తోచడం మనిషి చెవి స్వభావం. పైగా వాల్యూమ్ పెరిగేకొద్దీ చెవి మంద్ర స్వరాలను మరింతగా పట్టుకుంటుంది కాబట్టి, పికప్ తీగకు దగ్గరగా ఉన్న బేస్‌లోనే ‘అడుగు బలం’ ఎక్కువని పొరబడతాం. అందుకే పోలిక చేసేటప్పుడు ఒకే తయారీ తీగలను ఒకే రోజు బిగించి, పికప్ ఎత్తులు సరిచూసి, ఒకే కేబుల్‌తో యాంప్ లేకుండా నేరుగా రికార్డు చేస్తాను. తర్వాత రెండు రికార్డింగుల స్థాయినీ సమం చేసి, ఏది ఏదో చెప్పకుండా మరొకరి చేత వినిపించుకుంటాను. ఇంత చేశాక కూడా మిగిలిన తేడా ఏదైనా ఉంటే, అది నిజంగా ఆ బేస్‌దే.

కేబుల్ గురించి ఒక మాట. పాసివ్ బేస్‌లో (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ లేనిదానిలో) పికప్ ఇండక్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ అనే విద్యుత్ లక్షణాలు కలిసి ట్రెబుల్ (పై స్వరాలు) ఎక్కడ తెగాలో నిర్ణయిస్తాయి. పొడవైన కేబుల్ పై స్వరాలను కొంత మింగేస్తుంది. బేస్‌లోనే ప్రీయాంప్ (సంకేతాన్ని పెంచే చిన్న సర్క్యూట్) ఉంటే, అంటే అది యాక్టివ్ బేస్ అయితే, ఈ బెడద దాదాపు ఉండదు.

అపోహ: యాక్టివ్ బేస్ అంటే ఆధునిక టోన్, పాసివ్ అంటే పాత టోన్.

వాస్తవం: యాక్టివ్ ప్రీయాంప్‌తో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే 1976లోనే వచ్చింది, కాబట్టి కొత్తదనం మాట పక్కన పెట్టవచ్చు. స్టింగ్‌రే గుర్తు ప్రీయాంప్‌లోనే లేదు. బ్రిడ్జ్‌కు దగ్గరగా ఉన్న పెద్ద హంబకర్‌లోనూ (హమ్‌ను రద్దుచేసే రెండు కాయిళ్ల పికప్‌లోనూ) ఉంది. పాసివ్ టోన్ నాబ్ పై స్వరాలను తగ్గించగలదే తప్ప దేనినీ పెంచలేదు. యాక్టివ్ సర్క్యూట్ పెంచగలదు కూడా. తేడా అంతవరకే. చాలా యాక్టివ్ బేస్‌లలో పికప్‌లు మామూలువే ఉంటాయి, ప్రీయాంప్ ఒక్కటే 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. ఈక్యూను (అడుగు, మధ్య, పై స్వరాలను పెంచి తగ్గించే నాబ్‌లను) మధ్యలో ఉంచి వింటే అవి పాసివ్ బేస్‌లకు ఎంత దగ్గరగా ఉంటాయో తెలుస్తుంది. శబ్దం చిట్లుతూ వస్తుంటే ముందు చూడవలసింది బ్యాటరీనే.

అపోహ: టోన్ అంతా వేళ్లలోనే ఉంటుంది, బేస్ ఏదైనా ఒకటే.

వాస్తవం: సగం నిజమే కాబట్టి ఈ మాట ప్రమాదకరం. తీగను ఎక్కడ మీటుతామో అక్కడ కూడా పికప్ లెక్కే వర్తిస్తుంది: ఒక హార్మోనిక్‌కు కదలిక లేని నిశ్చల బిందువు మీద మీటితే ఆ హార్మోనిక్ పుట్టనే పుట్టదు. బ్రిడ్జ్ దగ్గర మీటితే గట్టిగా, నెక్ దగ్గర మీటితే గుండ్రంగా రావడానికి కారణం ఇదే. కాని ప్రసిద్ధ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ శబ్దంలో వేళ్లతో పాటు ఫ్రెట్లు తీసేసి ఎపాక్సీ పూసిన 1962 జాజ్ బేస్, దాని బ్రిడ్జ్ పికప్ కూడా ఉన్నాయి. ఆ వేళ్లకే ఫ్రెట్లున్న ప్రెసిషన్ ఇస్తే అవి జాకో వేళ్లలాగే వినిపించేవి, కాని ఆ శబ్దం వచ్చేది కాదు.

అపోహ: ఒంటరిగా వాయించినప్పుడు నిండుగా వినిపించేదే మంచి బేస్.

వాస్తవం: మధ్య స్వరాలు తగ్గి, అడుగూ పైనా ఉబ్బిన శబ్దం గదిలో ఒంటరిగా ఘనంగా ఉంటుంది; కిక్ డ్రమ్, గిటార్లు, కీబోర్డు చేరగానే కరిగిపోతుంది. 41 హెర్ట్జ్‌ను చిన్న స్పీకర్లు వినిపించలేవు. అయినా బేస్ స్వరం అందుతున్నదంటే దానికి కారణం 82, 124, 165 హెర్ట్జ్ దగ్గరి హార్మోనిక్స్‌ను బట్టి మెదడు మూల స్వరాన్ని పూరించుకోవడమే. ఒంటరిగా విన్నప్పుడు ముక్కుతో పలికినట్లు అనిపించి పక్కన పెట్టిన ప్రెసిషన్, బృందంలో ప్రతి స్వరమూ స్పష్టంగా వినిపించడం నేను చాలాసార్లు చూశాను. పోలిక బృందంతో కలిసి చేయండి, లేదా కనీసం ఒక డ్రమ్ ట్రాక్ కిందనైనా చేయండి.

అపోహ: షార్ట్ స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ వరకు తీగ పొడవు తక్కువున్న) బేస్ నేర్చుకునేవారి కోసమే, ఐదు తీగల బేస్‌కు 35 అంగుళాల స్కేల్ తప్పనిసరి.

వాస్తవం: పాల్ మెక్‌కార్ట్నీ హాఫ్నర్, క్రీమ్ బృందపు జాక్ బ్రూస్ గిబ్సన్ ఈబీ-3 రెండూ 30 అంగుళాల చుట్టుపక్కలవే. ఒకే తీగ, ఒకే శ్రుతి ఉన్నప్పుడు బిగువు స్కేల్ పొడవు వర్గాన్ని అనుసరిస్తుంది. అందువల్ల 34 నుంచి 30 అంగుళాలకు తగ్గితే బిగువు సుమారు 22 శాతం తగ్గుతుంది. ఆ వదులుతనం వల్ల శబ్దం మెత్తగా, ఉబ్బుగా వస్తుంది. అది లోపం కాదు, ఒక రుచి. అదే లెక్కన 34 నుంచి 35కు పెరిగితే వచ్చే లాభం 6 శాతమే. ఐదో తీగ అయిన 30.9 హెర్ట్జ్ బి తీగ నీరసంగా ఉందనిపిస్తే, స్కేల్‌ను అనుమానించేముందు మరింత మందమైన తీగ వేసి చూడండి.

అపోహ: ఖరీదైన బేస్‌లో ప్రతి స్వరమూ సమానంగా మోగుతుంది.

వాస్తవం: చెక్క నెక్ ఉన్న చాలా బేస్‌లలో జి తీగ మీద 5 నుంచి 7వ ఫ్రెట్ ప్రాంతంలో ఒక స్వరం మిగిలిన వాటికంటే త్వరగా చచ్చిపోతుంది. నెక్ సహజంగా కంపించే పౌనఃపున్యం ఆ స్వరంతో కలిసినప్పుడు తీగ శక్తిని నెక్ లాగేసుకుంటుంది. ధరకూ దీనికీ సంబంధం లేదు. గ్రాఫైట్ నెక్‌లలో ఇది చాలా తక్కువ. ఉన్నదానిలో చక్కదిద్దాలంటే హెడ్‌స్టాక్‌కు (నెక్ చివరి తల భాగానికి) ఒక చిన్న క్లాంప్ బిగించి బరువు పెంచండి. ఆ మచ్చ అక్కడి నుంచి జరిగి, వీలైతే రెండు స్వరాల మధ్యకు వెళ్లి దాక్కుంటుంది. కొనేముందు యాంప్ ఆపి, జి తీగ మీద 4 నుంచి 9వ ఫ్రెట్ దాకా ఒక్కొక్క స్వరాన్ని మీటి, అది ఆగేవరకు చెవి పెట్టి వినండి.