స్వార్థం లేకుండా ఎవరైనా రక్తం ఇస్తారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో బ్లడ్ బ్యాంక్ కౌన్సెలర్‌ని నేను. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లని సూది దాకా పంపేముందు కూర్చోబెట్టి మాట్లాడేది నేనే. క్యాంపు పెట్టిన ప్రతిచోటా ఎవరో ఒకరు అడుగుతారు, "ఊరికే ఎవురిస్తారక్కా, ఏదో ఒక లాభం లేకుండా?" అని. నాకు ఈ మాట మీద నిజంగా బాధ ఉంది, ఎందుకంటే ఇది విని ఇద్దామనుకున్నోళ్లు కూడా వెనక్కి తగ్గుతున్నారు.

అపోహ: ఇస్తే మనసుకి హాయిగా ఉంటది, ఆ హాయి కోసమే ఇస్తారు, కాబట్టి అదీ స్వార్థమే.

వాస్తవం: హాయి రావడం వేరు, హాయి కోసం చేయడం వేరు. అసలు అవతలోడు బతకాలి అని లోపల లేకపోతే వాడు బతికాడని తెలిసినప్పుడు హాయి ఎట్టా వస్తుంది? కోరిక ముందు, హాయి తర్వాత. హాయి కోసం ఇచ్చేవాళ్లు లేరని నేను అనను, ఆండ్రియోనీ అనే ఆర్థికవేత్త 1990లో దానికి 'వార్మ్ గ్లో' అని పేరు కూడా పెట్టాడు. కానీ అందరూ అంతే అనడం తప్పు. 1981లో అమెరికాలో బాట్సన్ అనే సైకాలజిస్ట్, ఆయన తోటివాళ్లు ఒక ప్రయోగం చేశారు. ఒకమ్మాయికి కరెంట్ షాక్‌లు కొడుతున్నట్టు చూపించి (అది నటనే లెండి), కొందరికి "మీరు ఇక చూడక్కర్లేదు, వెళ్లిపోవచ్చు" అన్నారు. ఆమె మీద జాలి పెద్దగా కలగనోళ్లలో ఎక్కువమంది వెళ్లిపోయారు, బాగా కలిగినోళ్లలో ఎక్కువమంది ఆమె బదులు షాక్ తామే తీసుకుంటామన్నారు. దీని మీద సైకాలజిస్టులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు గానీ, తప్పించుకునే దారి ఉన్నా ఆగారా లేదా అని చూడటం నాకు చాలా సరైన పరీక్ష అనిపిస్తుంది.

అపోహ: ఎందుకిస్తే ఏముంది, రక్తం రక్తమే.

వాస్తవం: ఇది సగమే నిజం, మిగతా సగం దగ్గరే ప్రాణాలు పోతాయి. ప్రతి బ్యాగుకీ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా టెస్టులు చేస్తాం. అయినా ఇన్ఫెక్షన్ కొత్తగా సోకిన రోజుల్లో టెస్టుకి దొరక్కపోవచ్చు, దాన్ని విండో పీరియడ్ అంటాం. అక్కడ మమ్మల్ని కాపాడేది మా ప్రశ్నలకి డోనర్ తన గురించి చెప్పే నిజం ఒక్కటే. డబ్బుకోసం వచ్చినోడు నిజం ఎందుకు చెప్తాడు, చెప్తే డబ్బులు పోతాయి కదా. సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చి, 1998 జనవరి నుంచి డబ్బుకి రక్తం ఇచ్చే పద్ధతిని ఆపించింది ఇందుకే. డబ్బే కాదు, బావమరిది ఆపరేషన్ అని బంధువులందరూ కలిసి తోసుకొచ్చిన కుర్రోడు కూడా నా ముందు కూర్చుని అన్నిటికీ "లేదు, లేదు" అంటాడు, కళ్లు మాత్రం తలుపు వైపు ఉంటాయి. అట్టాంటోళ్లని బయట మాట రాకుండా "ఈ రోజు కుదర్దు నాయనా" అని నేనే పంపించేస్తా.

అపోహ: ఏదన్నా ఆశిస్తే ఇక అది మంచి పని కాదు.

వాస్తవం: మన స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండక్కి పోయినోళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కోరిక తీరినోళ్లు రొట్టె తెచ్చి, అదే కోరికతో ఉన్న ముక్కూమొహం తెలీనోళ్లకి ఇస్తారు. తీసుకున్నోళ్లు ఆ మనిషికి తిరిగివ్వరు, తమది తీరాక ఇంకొకరికి ఇస్తారు. ఇందులో ఆశ ఉంది, దానం కూడా ఉంది, ఒకటి ఉందని రెండోది చెడిపోలేదు.

అపోహ: హీరో పుట్టినరోజుకి ఇచ్చేదంతా పబ్లిసిటీ.

వాస్తవం: ఆ పిల్లల్ని నేను ఎప్పుడూ తక్కువ చేయను. ఫొటో దిగినా దిగకపోయినా ఆ 350 ఎంఎల్ ఒకళ్లకి ఎక్కుతుంది. ఇబ్బంది వేరే ఉంది. ఒకే రోజు వందమంది ఇస్తే ప్లేట్‌లెట్స్ ఐదు రోజులే ఉంటాయి, ఎర్రకణాలు ఎంత జాగ్రత్తగా పెట్టినా 42 రోజులు దాటవు, ఆ తర్వాత వానలు పడి డెంగీ మొదలయ్యే టైముకి మా ఫ్రిజ్ ఖాళీ. గీత 17వ అధ్యాయంలో సాత్విక దానం గురించి చెప్తూ, తిరిగి ఉపకారం చేయలేనోడికి ఇవ్వాలి అన్న తర్వాత 'దేశే కాలే చ పాత్రే చ' అంటారు, సరైన చోట, సరైన కాలంలో, సరైన మనిషికి అని. నాకు ఆ కాలం అన్న మాటే ముఖ్యం. అందుకే క్యాంపులో పిల్లలకి చెప్తా, "ఈ రోజు మీ గ్రూప్ చాలినంత ఉంది, నంబర్ ఇచ్చి పోండి, ఫోన్ చేసినప్పుడు రండి" అని. బేనర్ లేదు, ఫొటో లేదు, ఆ రోజు రాకపోయినా అడిగేవాళ్లు లేరు. అయినా కొందరు వస్తారు, ఒకడు పరీక్ష రాసి నేరుగా హాల్‌టికెట్‌తోనే వచ్చాడు.

కోవూరు నుంచి వచ్చే ఒక ఆటో అన్న ఉన్నాడు. 90 రోజులు దాటితే తనే ఫోన్ చేస్తాడు, సర్టిఫికెట్ తీసుకోడు. ఎవరికి ఎక్కించారో మేం చెప్పం, ఆయన అడగడు కూడా. వచ్చిన ప్రతిసారీ ఒకటే అడుగుతాడు, "పోయినసారిది వాడారామ్మా, డేట్ అయిపోయి పారేశారా?"