మందుల పరిశోధనలో గ్రీన్ కెమిస్ట్రీ, కొత్త టెక్నాలజీలు: అపోహలు - వాస్తవాలు

నేను పనిచేసేది మందుల ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లో. గ్రాముల్లో తయారైన మాలిక్యూల్‌ని కిలోల్లో, ఆ తర్వాత టన్నుల్లో ఎలా చెయ్యాలో తేల్చే పని ఇది. ఈ మధ్య ఏ మీటింగ్‌లో కూర్చున్నా సస్టైనబిలిటీ, ఏఐ, ఎంజైములు, ఫ్లో కెమిస్ట్రీ (సన్నటి ట్యూబులో పారిస్తూ రియాక్షన్ చెయ్యడం) అన్న మాటలే. మంచిదే, నాకు ఇష్టమైన సంగతులే అవి. కానీ వాటి చుట్టూ పేరుకున్న అపోహల వల్ల డబ్బూ టైమూ ఒకచోట ఖర్చవుతున్నాయి, వ్యర్థం మాత్రం ఇంకోచోట డ్రమ్ములకు డ్రమ్ములు నిండుతూనే ఉంది.

అపోహ: కాలుష్యం పెద్ద ఫ్యాక్టరీలది, మందులవాళ్లం వాడేది ఎంతని?

1992లో రోజర్ షెల్డన్ అనే కెమిస్ట్ ఈ-ఫ్యాక్టర్ అని ఒక తేలికైన లెక్క పెట్టారు. ఒక కిలో సరుకు చేస్తే ఎన్ని కిలోల వ్యర్థం పుట్టింది? అంతే. పెట్రోలియం శుద్ధిలో అది 0.1 లోపు. పెద్ద మొత్తాల్లో చేసే రసాయనాల్లో 5 లోపు. మందుల్లో 25 నుంచి 100 దాకా, ఒక్కోసారి ఆపైన కూడా. మొత్తం టన్నులు చూస్తే పెట్రోలియందే ఎక్కువ, అందులో అనుమానం లేదు. కానీ కిలోకి లెక్కేస్తే మా రంగమే అందరికంటే వెనకబడి ఉంది, ఎందుకంటే మా మాలిక్యూల్స్‌కి స్టెప్పులు ఎక్కువ, ప్యూరిటీ అడిగేది ఎక్కువ.

అపోహ: ఈల్డ్ (రావలసిన సరుకులో నిజంగా చేతికొచ్చిన వాటా) పెంచితే వ్యర్థం తగ్గిపోతుంది

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మా ల్యాబ్‌లలో బాగా నాటుకుపోయిన నమ్మకం ఇదే. మందుల తయారీలోకి వెళ్లే మొత్తం బరువులో సగానికి పైగా సాల్వెంట్లే (కరిగించడానికీ కడగడానికీ వాడే ద్రవాలు) ఉంటాయి. ఆ తర్వాత నీళ్లు. మనం ఇంత తల బద్దలుకొట్టుకునే రియాక్టెంట్ల (రియాక్షన్‌లో పాల్గొనే పదార్థాల) వాటా చాలా చిన్నది.

మామూలు వర్కప్ (రియాక్షన్ అయ్యాక ప్రొడక్ట్‌ని వేరుచేసి శుభ్రం చేసే పని) ఒకటి తీసుకోండి. రియాక్షన్ టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంట్‌లో అయింది. నీళ్లు పోస్తే లేయర్లు విడిపోవు, టీహెచ్‌ఎఫ్ నీళ్లలో కలిసిపోతుంది కదా. అందుకని దాన్ని వాక్యూమ్‌లో తీసేసి, ఇథైల్ అసిటేట్ పోసి, నీళ్లతో ఒకసారి, బైకార్బొనేట్‌తో ఒకసారి, ఉప్పునీళ్లతో ఇంకోసారి కడిగి, సోడియం సల్ఫేట్ వేసి, ఫిల్టర్ చేసి, మళ్లీ ఆవిరి చేసి, చివరికి హెప్టేన్ పోసి క్రిస్టల్స్ తీస్తాం. ఈల్డ్ 85 నుంచి 90 శాతానికి పెరిగిందని సంబరపడినా ఈ తతంగంలో ఒక్క లీటరు కూడా తగ్గదు. అదే మొదట్లోనే నీళ్లలో పెద్దగా కలవని 2-మిథైల్ టీహెచ్‌ఎఫ్ పెట్టుకుని ఉంటే రియాక్షన్ తర్వాత నేరుగా నీళ్లు పోయొచ్చు, లేయర్ శుభ్రంగా విడిపోతుంది, మిగిలిన తేమ అజియోట్రోప్‌గా (సాల్వెంట్‌తో కలిసి ఒకేసారి మరిగి) పోతుంది. ఒక సాల్వెంట్ మొత్తంగా మాయం.

ఇది ఊహ కాదు. డిప్రెషన్‌కి వాడే సెర్ట్రాలిన్ విషయంలో ఫైజర్ సరిగ్గా ఇలాంటి పనే చేసింది. డైక్లోరోమీథేన్, టీహెచ్‌ఎఫ్, టోలుయిన్, హెక్సేన్ అనే నాలుగు సాల్వెంట్ల బదులు ఇథనాల్ ఒక్కటే పెట్టి, మూడు స్టెప్పుల్ని కలిపేసి, టన్నుకి వాడే సాల్వెంట్‌ని దాదాపు పదో వంతుకి దించింది. 2002లో అమెరికా ప్రెసిడెన్షియల్ గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు వచ్చింది దానికి. అందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఇంకో సంగతి. మధ్యలో ఏర్పడే ఇమైన్ అనే పదార్థం ఇథనాల్‌లో సరిగ్గా కరగదు, ఏర్పడినది ఏర్పడినట్టే గడ్డకట్టి కిందికి దిగిపోతుంది, దాంతో రియాక్షన్ తనంతట తానే ముందుకి నడుస్తుంది. నీళ్లు లాగెయ్యడానికి అంతకుముందు వాడిన టైటానియం టెట్రాక్లోరైడ్ అవసరమే లేకుండా పోయింది. కొత్త మెషిన్ ఏదీ కొనలేదు. ఏది దేంట్లో కరుగుతుందో, కరగదో శ్రద్ధగా చూశారు, అంతే.

అపోహ: మొక్కల నుంచి వచ్చిన సాల్వెంట్ అయితే నిశ్చింతగా వాడొచ్చు

పైన చెప్పిన 2-మిథైల్ టీహెచ్‌ఎఫ్‌ని మొక్కజొన్న కంకుల బెండ్లు, చెరుకు పిప్పి లాంటి వాటి నుంచి తీసే ఫర్ఫ్యురాల్‌తో చెయ్యొచ్చు. అయినా అది ఈథరే. నిల్వ ఉంటే పెరాక్సైడ్లు ఏర్పడతాయి, మండుతుంది. స్టెబిలైజర్ ఉండాల్సిందే, డిస్టిల్ చేసే ముందు పెరాక్సైడ్ టెస్ట్ చేసి తీరాల్సిందే.

అపోహ: ఎంజైమ్ పెట్టామంటే ప్రాసెస్ గ్రీన్ అయినట్టే

డయాబెటిస్‌కి వాడే సిటాగ్లిప్టిన్ కథ అందరూ చెప్తారు, చెప్పదగ్గదే కూడా. అధిక పీడనంలో హైడ్రోజన్, రోడియం అనే లోహం వాడే స్టెప్ ఉండేది. మెర్క్, కోడెక్సిస్ కంపెనీలు కలిసి దాని స్థానంలో ఒక ట్రాన్సామినేజ్ ఎంజైమ్ తెచ్చాయి, 2010లో దాన్ని ప్రకటించాయి. ప్రకృతిలో దొరికిన ఎంజైమ్ ఆ మాలిక్యూల్‌ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. రౌండ్ల మీద రౌండ్లు మార్చుకుంటూ పోతే చివరికి 27 మ్యుటేషన్లతో పనికొచ్చేది తయారైంది. ఈ డైరెక్టెడ్ ఎవల్యూషన్ పద్ధతికి బాట వేసినందుకే ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కి 2018లో నోబెల్ వచ్చింది.

ఇంతా చేస్తే మొత్తం వ్యర్థం తగ్గింది 19 శాతం. ఇది చిన్న విజయం అనడం లేదు, చాలా పెద్దది. ఎంజైమ్ అనగానే 90 శాతం తగ్గుతుందనుకునేవాళ్లు ఈ అంకె చూడాలి. అసలు కీలకం లీటరుకి ఎన్ని గ్రాముల ముడిపదార్థం పట్టిందన్నది. సిటాగ్లిప్టిన్‌లో లీటరుకి 200 గ్రాముల దాకా నడిచింది, కాబట్టి కిలోకి 5 లీటర్లు చాలు. మీ ఎంజైమ్ లీటరుకి 5 గ్రాములే భరించగలిగితే అదే కిలోకి 200 లీటర్లు కావాలి. ఆ నీళ్లలోంచి ప్రొడక్ట్‌ని లాగడానికి మళ్లీ సాల్వెంట్. ప్రొటీన్ వల్ల ఎమల్షన్ కట్టి (నీళ్లూ సాల్వెంటూ పాలలా కలిసిపోయి) లేయర్లు గంటల తరబడి విడిపోవు, సీలైట్ అనే ఫిల్టర్ పొడి మీద ఫిల్టర్ చేస్తే అది సగంలో బిగుసుకుపోతుంది. నీళ్లలో జరిగింది కాబట్టి గ్రీన్ అని స్లైడ్‌లో రాసే ముందు ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో అడగండి.

అపోహ: రికవరీ ఉంది కదా, సాల్వెంట్ ఎంత వాడినా ఫర్వాలేదు

రికవరీ, అంటే వాడిన సాల్వెంట్‌ని శుద్ధి చేసి మళ్లీ వాడటం, తప్పకుండా ఉండాలి, కానీ అది ఉచితం కాదు. తడి టీహెచ్‌ఎఫ్‌ని మామూలుగా డిస్టిల్ చేస్తే సుమారు 5 శాతం నీళ్లు అజియోట్రోప్‌గా వెంటే వస్తాయి. వాటిని వదిలించడానికి పీడనం మార్చి ఇంకో కాలమ్ నడపాలి, లేదా నీళ్లని మాత్రం ఆవిరిగా బయటికి పంపే పెర్వాపరేషన్ మెంబ్రేన్ పెట్టాలి. ఈ మెంబ్రేన్లు మాత్రం నిజంగా పనికొచ్చే కొత్త టెక్నాలజీ, ఆవిరి ఖర్చు బాగా ఆదా చేస్తాయి, వీటికి రావలసినంత పేరు రాలేదని నా బాధ.

రెండో సంగతి భద్రత. 2018లో బీపీకి వాడే వల్సార్టాన్ మందుల్లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ (క్యాన్సర్ తెప్పించొచ్చని భావించే మలినం) దొరికి చాలా దేశాల్లో మాత్రలు వెనక్కి తీసుకున్నారు. డీఎంఎఫ్ అనే సాల్వెంట్ విడిపోగా వచ్చే డైమిథైల్ అమైన్, మిగిలిన అజైడ్ అనే ప్రమాదకర పదార్థాన్ని నాశనం చెయ్యడానికి వేసిన సోడియం నైట్రైట్, ఈ రెండూ కలిసే వీలుండటం అక్కడ మూలకారణం. ఆ తర్వాత రెగ్యులేటర్లు తవ్వితే, సరిగ్గా శుద్ధి చెయ్యని రికవరీ సాల్వెంట్లు కూడా ఇలాంటి మలినాల్ని ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి మోసుకెళ్తాయని తేలింది. నా మాట అడిగితే, ఒక స్టేజ్‌లో రికవర్ చేసిన సాల్వెంట్ అదే ప్రొడక్ట్‌లో అదే స్టేజ్‌కి వెళ్లాలి, అదీ ఆ మలినాల కోసం టెస్ట్ చేశాకే.

అపోహ: ఫ్లో రియాక్టర్ పెడితే వ్యర్థం పోతుంది

ప్రమాదకరమైన, వేడెక్కిపోయే రియాక్షన్లకు ఫ్లో అద్భుతం. నైట్రేషన్, అజైడ్లు, లిథియేషన్ లాంటివి బ్యాచ్‌లో (ఒకే పెద్ద పాత్రలో చేసేటప్పుడు) పడే టెన్షన్ ఫ్లోలో చాలా తగ్గుతుంది. కానీ సన్నటి ట్యూబులో ఘనపదార్థం అడ్డుపడకూడదు కాబట్టి అన్నిటినీ కరిగించాలి, కరిగించడానికి సాల్వెంట్ పెంచుతారు. మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు వచ్చే సరుకు పారబొయ్యాలి. అవి లెక్కలో కలపండి.

అపోహ: ఏఐ వస్తే ప్రయోగాలు తగ్గుతాయి, పర్యావరణం తానే బాగుపడుతుంది

ప్రయోగాల సంఖ్య తగ్గుతుంది, ఆ మేరకు నిజమే. బేయిజియన్ ఆప్టిమైజేషన్‌తో (ముందు ఫలితాల్ని చూసి తర్వాతి ప్రయోగం ఎంచుకునే పద్ధతితో) కొద్ది రియాక్షన్లలోనే మంచి కండిషన్లు దొరుకుతాయి. కానీ దానికి మనం ఏం అడిగామన్నది ముఖ్యం. ఈల్డ్ ఒక్కటే ఇచ్చి గెలిపించమంటే అది డీఎంఎఫ్‌నో డైక్లోరోమీథేన్‌నో తెచ్చి ముందు పెడుతుంది, దాని తప్పేం లేదు. యూరప్‌లో 2023 డిసెంబర్ నుంచి డీఎంఎఫ్ మీద ఆంక్షలున్నాయన్న సంగతి దానికి మనమే చెప్పాలి. ఫెయిలైన రియాక్షన్లు కూడా మనమే నోట్‌బుక్‌లో ఎక్కించాలి, లేకపోతే అది గెలిచినవాటినే చూసి నేర్చుకుంటుంది.

ఇక కరెంటు. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో డేటా సెంటర్లు వాడింది సుమారు 415 టెరావాట్ అవర్లు, ప్రపంచ కరెంటులో దాదాపు 1.5 శాతం. 2030కి అది రెట్టింపు దాటుతుందంటున్నారు. ఏఐ వద్దని కాదు, దాని ఖర్చు కూడా మన లెక్కలో ఒక వరుస కావాలి. కరెంటు మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి: ల్యాబ్ ఫ్రీజర్‌ని మైనస్ 80 నుంచి మైనస్ 70కి మారిస్తే సుమారు 30 శాతం ఆదా, దీనికి ఏ ఆల్గరిథమూ అక్కర్లేదు. ఫ్యూమ్ హుడ్ (విషవాయువుల్ని బయటికి లాగేసే ల్యాబ్ క్యాబిన్) అద్దం దించితే కరెంటు తగ్గేది మాత్రం గాలి ప్రవాహం దానికి తగ్గట్టు మారే వీఏవీ సిస్టమ్ ఉంటేనే. లేకపోయినా దించండి, అది ప్రాణాలకి సంబంధించిన విషయం.

అపోహ: ముందు మందు బయటికి రానివ్వండి, గ్రీన్ సంగతి తర్వాత చూద్దాం

ఆ తర్వాత అనేది మామూలుగా రాదు. ఒకసారి ఫైలింగ్ (అనుమతి కోసం రెగ్యులేటర్‌కి దరఖాస్తు) అయ్యాక చివరి స్టెప్పులో సాల్వెంట్ మార్చాలన్నా కొత్త మలినాల పరీక్ష, స్టెబిలిటీ డేటా, రెగ్యులేటర్ అనుమతి, అదీ అమ్ముతున్న ప్రతి దేశంలో. ఐబుప్రొఫెన్‌నే చూడండి. 1960లలో బూట్స్ కంపెనీ కనిపెట్టిన ఆరు స్టెప్పుల దారిలో, లోపలికి వేసిన పరమాణువుల బరువులో 40 శాతమే మందులోకి చేరేది. మూడు స్టెప్పుల్లో 77 శాతానికి తీసుకెళ్లిన బీహెచ్‌సీ అనే కంపెనీ ప్రాసెస్ ప్లాంట్ స్థాయిలో మొదలైంది 1992లో. మధ్యలో ఎన్నేళ్లు పోయాయో, ఆ ఏళ్లలో ఎంత వ్యర్థం పుట్టిందో ఆలోచించండి.

అందుకే నా టీమ్‌లో ఒక పద్ధతి పెట్టాను. రూట్ ఎంచుకునే రోజునే, ఇంకా సరుకు గ్రాముల్లో ఉండగానే, ప్రతి రూట్ పక్కన ఒక అరపేజీ ఉండాలి. కిలో ప్రొడక్ట్‌కి లోపలికి వెళ్లే మొత్తం బరువు ఎంత, అందులో సాల్వెంట్ ఎంత, నీళ్లు ఎంత, ఎన్నిసార్లు సాల్వెంట్ మారుతోంది, తిరిగి వాడలేనిది ఏది. మొదట్లో అంకెలు ఉజ్జాయింపుగానే ఉంటాయి, ఫర్వాలేదు. రెండు రూట్ల మధ్య మూడు రెట్ల తేడా కనపడటానికి ఉజ్జాయింపు అంకెలే సరిపోతాయి, మార్చడానికి ఆ రోజు ఎవరి అనుమతీ అక్కర్లేదు.