ఆటోనగర్‌లో లారీ విప్పితే

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీని తుక్కు కింద కొన్నవాళ్లు దాన్ని తిన్నగా కొలిమికి తోలరు. ముందు విప్పుతారు. ఇంజను, గేర్‌బాక్సు, కమాన్ కట్టలు, వైరింగు, బ్యాటరీ, టైర్లు దేని దారి దానిదే. ఎవరికీ పనికిరాదని తేలిందే చివరికి కాటా ఎక్కుతుంది.

చెత్త తగ్గించడం అనగానే మనకు కరిగించి మళ్లీ పోయడమే గుర్తొస్తుంది. వస్తువును పారేయకుండా వీలైనన్నాళ్లు వాడుకలోనే ఉంచాలనే సర్క్యులర్ ఎకానమీ లెక్కలో అది ఆఖరి మెట్టు. స్విట్జర్లాండ్ ఆర్కిటెక్ట్ వాల్టర్ స్టాహెల్, జెనెవీవ్ రెడేతో కలిసి 1976లో యూరోపియన్ కమిషన్‌కు ఒక నివేదిక ఇచ్చాడు. పరిశ్రమలు వాడే శక్తిలో దాదాపు ముప్పావు వంతు ఉక్కు, సిమెంటు లాంటి ముడిసరుకు తయారీకే పోతుందనీ, మనుషుల శ్రమ మాత్రం ఎక్కువగా వస్తువుగా మలిచే దగ్గర ఉంటుందనీ ఆయన వాదన. వస్తువును బాగుచేసి వాడితే శక్తి మిగులుతుంది, చేతులకు పని దొరుకుతుంది.

ఇంజనులో పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్ సంగతే చూడండి. అరిగేది బేరింగు ఆనే చోట, అదీ మిల్లీమీటరులో కొద్ది వంతు. అక్కడ 0.25 మిల్లీమీటర్లు గ్రైండింగ్ చేసి, ఆ మేరకు మందమున్న బేరింగులు వేస్తే ఇంజను మళ్లీ తిరుగుతుంది. అదే షాఫ్టును కరిగించాలంటే 1,500 డిగ్రీలు దాటించాలి, ఆపైన కొత్తగా ఫోర్జింగ్, అంటే ఎర్రగా కాల్చి ఒత్తిడితో మలచడం, చేయాలి.

టైరుకు ఆ అవకాశం కూడా లేదు. రబ్బరును గంధకంతో వేడిచేసినప్పుడు అణు గొలుసుల మధ్య వంతెనలు పడతాయి. కాలిన ఇటుకను మళ్లీ మట్టిముద్ద చేయలేనట్టే, ఆ రబ్బరునూ కరిగించి పోయలేం. అందుకే లోపలి కట్టు గట్టిగా ఉంటే, అరిగిన పైపొరను గీకి కొత్త పొర అతికించే రీట్రేడింగే దానికి సరైన మర్యాద.

రాగి కథ ఇంకా ఆసక్తికరం. కరిగిన ఉక్కులోకి ఆక్సిజన్ ఊది చాలా మలినాలను తీసేయొచ్చు. రాగి పోదు. ఇనుముకంటే అది ఆక్సిజన్‌తో కలవడానికి బద్ధకిస్తుంది. రేకులు తీసే ఉక్కులో రాగి 0.1 శాతం ఉన్నా చిక్కే. వేడిమీద రోలర్ల మధ్య నొక్కి రేకుగా సాగదీసేటప్పుడు పైనున్న ఇనుము ఆక్సైడు పొరగా మారుతుంది. మారని రాగి ఆ పొర కింద పోగవుతుంది. అది 1,085 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ద్రవమై ఉక్కు రేణువుల సందుల్లోకి దిగి, రేకును పగలగొడుతుంది. బండిని మొత్తంగా యంత్రంలో వేసి నుజ్జుచేసిన తుక్కుకంటే, వైర్లు చేత్తో లాగేసిన తుక్కు మేలు అయ్యేది ఇందుకే. లాగే కుర్రాడు రాగి ధర కోసమే లాగుతాడు, లోహశాస్త్రం కోసం కాదు. అయినా కొలిమికి కావలసింది అదే.

అలాగని చేత్తో చేసిందల్లా మంచిదని కాదు. రాగి కోసం వైర్లు తగలబెడితే వాటి తొడుగులోని పీవీసీ ప్లాస్టిక్ నుంచి డయాక్సిన్లనే విషాలు పుడతాయి. బ్యాటరీ ఆమ్లం నేలమీద పారబోస్తే దానితోపాటు సీసమూ మట్టిలో చేరుతుంది. వాడేసిన ఇంజనాయిలును మళ్లీ శుద్ధిచేయొచ్చు, కాలువలో పోయకపోతే.

రేపు విద్యుత్ కార్లు కూడా తుక్కుకొస్తాయి. వాటిలో పెట్రోలు కారుకు మూడు నాలుగు రెట్లు రాగి ఉంటుంది, కాబట్టి విప్పే చేతుల అవసరం పెరుగుతుంది. కానీ చాలా కార్లలో బ్యాటరీ 300 వోల్టుల పైమాటే. బండి ఆపినా సెల్స్‌లో చార్జి ఉంటుంది. వోల్టేజీ కొలవకుండా, ఇన్సులేటెడ్ గ్లౌజులు లేకుండా దాని మూత మీద స్పానరు పెట్టకూడదు.