క్రూయల్టీ ఫ్రీకి ఖరీదెందుకు, కుంకుడుకాయలు ఉండగా

క్రూయల్టీ ఫ్రీ, అంటే జంతువుల మీద టెస్టు చేయకుండా తయారైన సరుకు, అనగానే అది డబ్బున్నోళ్ల వ్యవహారంలే అని చాలామంది పక్కన పెట్టేస్తారు, నెల్లూరు ట్రంకు రోడ్డులో షాపు ఎక్కి రేట్లు చూస్తే అట్టానే అనిపిస్తది కూడా. కానీ అసలు జంతువుల మీద టెస్టు ఎందుకు మొదలైందో చూస్తే లెక్క వేరేగా ఉంటది.

1944లో అమెరికాలో తిండి, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏలో పనిచేసే జాన్ డ్రేజ్ అనే టాక్సికాలజిస్టు (విషాల మీద పరిశోధన చేసేవాడు) ఒక పద్ధతి పెట్టాడు. తెల్ల కుందేలుని కదలకుండా పెట్టి ఒక కంట్లో టెస్టు చేసే సరుకు వేస్తారు, రెండో కన్ను పోల్చుకోడానికి వదిలేస్తారు, ఇంక ఎరుపెంత వాపెంత అని రోజుల తరబడి చూసి మార్కులేస్తారు. కుందేలే ఎందుకంటే కళ్లు పెద్దవి, కన్నీళ్లు తక్కువ, పైగా గమ్మున పడుంటది పాపం. ఇప్పుడు మనిషి కణాల నుంచి ల్యాబులో పెంచిన చర్మం వచ్చింది, ఏది మంట పుట్టిస్తదో దాని మీదే చూస్తన్నారు.

అయితే ఇంత పరీక్ష కావాల్సింది కొత్త కెమికల్‌కి. తరాలుగా వాడతా మంచీ చెడ్డా తెలిసిపోయిన సరుకుకి కొత్తగా ఏ కుందేలూ అక్కర్లా, చవకగా దొరికేవి కూడా అవే.

మన దేశంలో కాస్మెటిక్స్‌ని జంతువుల మీద టెస్టు చేయడం 2014లోనే నిషేధించారు, బయట అట్టా టెస్టు చేసినవి తెచ్చి అమ్మడం కూడా. బట్టల పౌడరు, ఫినాయిలు, బాత్రూమ్ క్లీనరు కాస్మెటిక్స్ కాదు కాబట్టి ఆ రూలు వాటికి పట్టదు. ప్యాకెట్టు మీద దూకే కుందేలు గుర్తు (లీపింగ్ బన్నీ) ఉంటే జంతువుల మీద టెస్టు లేదని ముడిసరుకు దగ్గర్నుంచి చెక్ చేశారని. టెస్టు లేదన్నంత మాత్రాన లోపల జంతువుది ఏం లేదని కాదు, లిప్‌స్టిక్ ఎరుపులో పురుగుల నుంచి తీసిన కార్మైన్ ఉండొచ్చు, అందుకే వీగన్, అంటే జంతువుది ఏదీ లేనిది, అని కూడా ఉందేమో చూసుకోవాల.

ఇంక తరాలుగా వాడే ఆ చవక సరుకు సంగతి. కుంకుడుకాయలో నురగ తెప్పించేది సపోనిన్ అనే పదార్థం. దాని అణువులో ఒక కొస నీళ్లని పట్టుకుంటది, ఇంకో కొస జిడ్డుని. కనిగిరి వైపు బోరు నీళ్లకి సబ్బు నురగ రాక తెల్లగా తెట్టు కట్టేది ఆ నీళ్లల్లో కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలవబట్టే, సపోనిన్‌కి ఆ పేచీ లేదు. నాచురల్ కదా అని మెత్తనిదేం కాదు, కంట్లో పడితే ఎట్టుంటదో చిన్నప్పుడు తలంటు పోయించుకున్న అందరికీ తెలుసు, చేపలకైతే విషమే, కాబట్టి ఆ నీళ్లు చెరువులో పోయొద్దు.

ఇంక గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు. పిండేసిన చెక్కలతో కొళాయి మీద తెల్ల మరక రుద్దితే సిట్రిక్ యాసిడ్ ఆ కాల్షియాన్ని కరిగించేస్తది. వంటింట్లో చీమకుర్తి గ్రానైటు గట్టుకి పెద్ద భయం లేదు గానీ కడప రాయి సున్నపురాయే, నిమ్మరసం పడితే నునుపు పోద్ది. వంటసోడా కలిపితే బుసబుసా పొంగి రెండిటి పవరూ పోయేదే. బ్లీచింగ్ పౌడరుతో మాత్రం అస్సలు కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ లేస్తది.