పొద్దున పులుపు, సాయంత్రం చప్పన

ఎండకు మాడుతున్న గంగవాయిలి మొక్క ఎక్కడైనా కనిపిస్తే, తెల్లవారుతూనే ఒక ఆకు కోసి నమిలి చూడండి. అదే మొక్క నుంచి సాయంత్రం నాలుగింటికి ఇంకో ఆకు నమలండి. రెండు మూడు వారాలుగా నీళ్లు అందని మొక్క అయితే తేడా నాలుకకే తెలిసిపోతుంది. పొద్దుటిది పుల్లన, సాయంత్రానిది చప్పన.

ఈ రుచి మార్పును శ్రద్ధగా రాసిపెట్టిన వారిలో ఒకరికి మన ఊళ్లతో సంబంధం ఉంది. బెంజమిన్ హెయిన్ ఈస్టిండియా కంపెనీలో వృక్షశాస్త్రవేత్త. 1790లలో సామర్లకోటలో కంపెనీ తోటల బాధ్యత చూశాడు. 1813లో లండన్ లిన్నేయన్ సొసైటీకి చెందిన లాంబర్ట్‌కు రాసిన ఉత్తరంలో రణపాల ఆకు సంగతి చెప్పాడు. పొద్దున అది చుక్కకూరంత పులుపట, మధ్యాహ్నానికి రుచే ఉండదట, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుందట. రోజంతా ఆకులు నములుతూ కూర్చున్నాడన్నమాట!

ఆ పులుపు వెనక నీటి లెక్క ఉంది. గాలి లోపలికి రావాలంటే మొక్క ఆకు మీది రంధ్రాలు తెరవాలి, తెరిస్తే లోపలి నీరు ఆవిరైపోతుంది. మామూలు మొక్కలు ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ సంపాదించడానికి సుమారు 400 నుంచి 500 గ్రాముల నీళ్లు పోగొట్టుకుంటాయి. రణపాల దారిలో నడిచే మొక్కలకు 50 నుంచి 100 గ్రాములు చాలు. అవి పగలు తలుపులు బిగించుకుని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తాయి. అప్పుడు పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి కణంలోని నీటిసంచిలో దాచుకుంటాయి. పుల్ల యాపిల్‌లో ఉండేదీ ఈ ఆమ్లమే. తెల్లారాక తలుపులు మూసుకుని, దాచిన సరుకు తీసి, ఎండతో చక్కెర వండుకుంటాయి. సాయంత్రానికి పులుపు ఖాళీ.

ఇందులో ఇబ్బందీ ఉంది. సంచి నిండితే ఆ రాత్రికి ఇక అంతే, అందుకే ఇలాంటి మొక్కలు చాలావరకు నత్తనడకన పెరుగుతాయి. గంగవాయిలి మాత్రం గడుసుది. నీళ్లున్నన్నాళ్లూ మొక్కజొన్న, చెరకు లాగా జోరుగా పెరిగే పద్ధతి నడుపుతుంది, కరువొస్తే రాత్రి పద్ధతినీ దానికి జత చేస్తుంది. ఈ రెండూ ఒకే కణంలో కలిసి నడుస్తాయని యేల్ విశ్వవిద్యాలయం బృందం 2022లో చూపించింది.

దీని తోబుట్టువే గడ్డిగులాబీ, కొందరు టేబుల్ రోజ్ అంటారు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. చలిదేశాల్లో మంచు పడగానే చచ్చిపోతుంది కాబట్టి అక్కడ దాన్ని ఏడాది మొక్కగా చూస్తారు. మనకు మంచు బెడద లేదు, కొమ్మలు తుంచి గుచ్చుతూ పోతే ఏళ్ల తరబడి నేలను కప్పి ఉంచుతుంది.

మా గోడ వారగా బండల పక్కన జానెడు వెడల్పు మట్టి మిగిలితే, మొదట నర్సరీలో ముద్దుగా కనిపించిన సెడం తెచ్చి నాటాను. చలికొండల మొక్క అది. మే నెల ఎలాగో గట్టెక్కింది గానీ జులై ముసురుకు వారంలో ముద్దయిపోయింది. తప్పు నాదే, మట్టి నల్లరేగడి. నీరు దిగని మట్టిలో వేళ్లకు గాలి ఆడదు, బూజు పడుతుంది. తర్వాత జానెడు లోతు తవ్వి, ఎర్రమట్టికి సగానికి సగం ముతక ఇసుక కలిపి, మట్టిని బండల కంటే రెండంగుళాలు ఎత్తు చేశాను. గడ్డిగులాబీ కొమ్మలు వేలెడంత తుంచి, గాయం ఆరేలా ఒక పూట నీడలో పడేసి గుచ్చాను. వేళ్లు పట్టేదాకా కొంచెం తడి, ఆ తర్వాత మట్టి పూర్తిగా ఎండితేనే నీళ్లు. ఎరువు దాదాపు వేయను, ఎక్కువైతే ఆకే తప్ప పువ్వుండదు. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ మాత్రం కావాలి.

తొమ్మిది గంటలకు పూలు విచ్చుకున్నాక అగ్గిపుల్లతో కేసరాలను మెల్లగా ఒక పక్క తాకండి. కాసేపట్లో అవన్నీ పుల్ల వైపు వాలతాయి. తేనెటీగ వస్తే దాని ఒంటికి పుప్పొడి పూయడానికి ఈ కదలిక పనికొస్తుంది. ఈ పూలకు ముదురు గులాబీ రంగునిచ్చే పదార్థం మందారంలోది కాదు, బీట్‌రూట్ తరహాది. మధ్యాహ్నం దాటితే పువ్వు ముడుచుకుంటుంది. దాని అడుగున మిగిలిన కాయ పండాక, కుంకుమ భరిణె మూతలా పైభాగం ఊడొస్తుంది. లోపల ఇసుక రేణువుల్లా మెరిసే గింజలు.

అవి రాలి ఇప్పుడు బండల సందుల్లోనూ మొలుస్తున్నాయి. పీకే ముందు ఆకు చూసుకుంటాను. వెడల్పుగా ఉంటే గంగవాయిలి, పప్పులోకి పోతుంది. సన్నగా, గుండ్రంగా ఉంటే అక్కడే వదిలేస్తాను.