పొయ్యి గోడకు ఏ రంగు నిలుస్తుంది?

గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో స్నానాల నీళ్లకు పెరట్లో ఇటుక పొయ్యి ఇంకా చాలా ఇళ్లలో ఉంది. పండక్కి ఇంటికి రంగులు వేయించేటప్పుడు, పనిలో పనిగా మిగిలిన ఎనామిల్ పెయింట్‌ను పొయ్యి గట్టుకూ, వెనక గోడకూ కొట్టించేస్తారు. కొన్నాళ్లు మెరుస్తుంది. తర్వాత పచ్చబడి, బుడగలు లేచి, పెచ్చులుగా రాలుతుంది. పెయింట్ నాసిరకం అనుకుని ఇంకా ఖరీదైన డబ్బా తెచ్చి దానిమీదే మరో కోటింగ్ వేస్తే అదీ ఊడుతుంది. ఎంత మంచి డబ్బా అయినా ఆ రకం పెయింట్ అక్కడ నిలవదు.

పెయింట్‌లో ముఖ్యంగా ఉండేవి రంగు పొడి, దాన్ని గోడకు పట్టి ఉంచే జిగురు. ఎర్ర రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్, తెల్ల రంగునిచ్చే టైటానియం డయాక్సైడ్ పొయ్యి వేడికి చెక్కుచెదరవు. చెడేది జిగురు. నీళ్లు కలిపి గోడలకు వేసే ఎమల్షన్‌లో అది యాక్రిలిక్ ప్లాస్టిక్, కాబట్టి వేడికి మెత్తబడి మసిని అంటించుకుంటుంది. ఎనామిల్‌లో సోయా, అవిసె లాంటి నూనెలతో చేసిన ఆల్కిడ్ రెజిన్ ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. పొయ్యి వేడి ఆ చర్యను ఆగనివ్వదు. పొర అంతకంతకూ పెళుసై, గోధుమ రంగుకు తిరిగి పగులుతుంది.

బుడగలకు కారణం ఇటుకలో ఉన్న నీరు. ఇటుక తేమను పీల్చుకుంటుంది, ఎనామిల్ దాన్ని బయటికి పోనివ్వదు. నీరు మరిగి ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. ఆ ఒత్తిడికి పొర లేవక తప్పదు. అందుకే పాత రంగును పూర్తిగా తీయకుండా పైన ఏది వేసినా దండగే.

తీయడంలోనే అసలు జాగ్రత్త కావాలి. మంటపెట్టి కాల్చడం, పొడిగా ఉప్పు కాగితంతో రుద్దడం వద్దు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఎక్కువగా ఉండొచ్చు. ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు. పొయ్యి పూర్తిగా చల్లారాక గోడ తడిపి, మాస్కు కట్టుకుని, రేకుతో గీకి వైరు బ్రష్షుతో తోమాలి. పెచ్చులన్నీ గోనె మీద పడేలా చూసుకుని, పోగుచేసి మూటకట్టాలి. పెయింట్ రిమూవర్లలో కొన్నిటిలో ఉండే డైక్లోరోమీథేన్ శరీరంలోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. తలుపులు మూసిన వంటింట్లో అది ప్రాణాంతకం.

గీకడం అయ్యాక గోడ ఆరనిచ్చి నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడండి. ఇటుక పీల్చేసుకుంటే పని అయినట్టే. చుక్కలు జారిపోతే ఇంకా పెయింట్ ఉంది.

ఇప్పుడేం వేయాలి? రేకు పొగగొట్టానికైతే సిలికోన్ రెజిన్‌తో చేసిన హీట్ రెసిస్టెంట్ పెయింట్ సరైనది. అందులో అణువుల వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్‌లది. ఆ బంధం మామూలు పెయింట్లలోని కార్బన్ బంధం కంటే గట్టిది. అల్యూమినియం పొడి కలిపినవి 600 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. ఇందులో చాలా రకాలు వేడి తగిలితేనే పూర్తిగా గట్టిపడతాయి. అందుకే మొదట సన్న మంటలు పెట్టాలి. అప్పుడు వచ్చే ఘాటు పొగకు కిటికీలు తెరిచి ఉంచాలి.

ఇటుక గోడకు మాత్రం నా ఓటు సున్నానికే. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాలిస్తేనే సున్నం వస్తుంది. దాన్ని నీళ్లలో చల్లార్చి పూస్తే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గోడమీదే మళ్లీ రాయవుతుంది. అందులో కాలిపోయే జిగురు లేదు, తేమ బయటికి పోయే దారీ మూసుకుపోదు. గోడ తడిపి పల్చగా రెండు మూడు పూతలు వేయాలి. కళ్లలో పడకుండా అద్దాలు పెట్టుకోవాలి. పూత బాగా ఆరిన తర్వాతే పొయ్యి రాజేయాలి.

మంట నేరుగా తగిలే లోపలి భాగానికి సున్నం కూడా పనికిరాదు. కట్టెల మంట వేడికి అది తిరిగి కాల్చిన సున్నమైపోతుంది, తర్వాత తేమ తగలగానే ఉబ్బి రాలుతుంది. అక్కడ బంకమట్టిలో ఇసుక కలిపి మెత్తి, పగిలిన చోటల్లా మళ్లీ మెత్తుకుంటూ పోవాలి.