రాయి పగిలింది సరే, కిడ్నీ సంగతి? షాక్‌వేవ్ చికిత్స వివాదం నేపథ్యం

కిడ్నీలో రాయిని బయటి నుంచి షాక్‌వేవ్‌లతో, అంటే బలమైన ఒత్తిడి తరంగాలతో, పగలగొట్టించుకుంటే తర్వాత బీపీ, షుగర్ వస్తాయా? సద్దుమణిగిందనుకున్న ప్రతిసారీ ఈ ప్రశ్న మళ్లీ లేస్తోంది. 1980లో మ్యూనిక్‌లో తొలి రోగికి ఈ చికిత్స చేసిన కథ చాలామందికి తెలిసిందే. నేటి గొడవకు మూలం మాత్రం 2006లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు వెలువరించిన అధ్యయనం. 1985లో చికిత్స పొందినవారిని 19 ఏళ్ల తర్వాత ప్రశ్నపత్రం ద్వారా విచారించి, ఈ చికిత్స లేకుండానే గడిపిన రాళ్ల రోగులతో పోల్చారు. చికిత్స పొందినవారిలో బీపీ, షుగర్ రెండూ ఎక్కువగా కనిపించాయి. తరంగాల దారిలో ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమం కూడా ఉంటుంది కాబట్టి షుగర్ భయం బలపడింది.

ఆ తర్వాత మేయో బృందమే అమెరికాలోని ఒక కౌంటీ (జిల్లా లాంటిది) జనాభా రికార్డులను పరిశీలించి ఆ సంబంధం కనిపించలేదని తేల్చింది. 2016లో బ్రిటన్ రికార్డుల విశ్లేషణ బీపీ ముప్పును మళ్లీ ముందుకు తెచ్చింది. రాళ్లున్నవారికి చికిత్సతో పనిలేకుండానే బీపీ, కిడ్నీ జబ్బుల ముప్పు ఎక్కువ. అందుకే ఈ లెక్కల్లో ఏది దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టం.

అసలు మలుపు రోగుల లెక్కల్లో లేదు, ఇండియానా యూనివర్సిటీలో పందుల కిడ్నీల మీద జరిగిన ప్రయోగాల్లో ఉంది. పంది కిడ్నీ పరిమాణంలోనూ నిర్మాణంలోనూ మనిషి కిడ్నీకి దగ్గరగా ఉంటుంది. 24 కిలోవోల్టుల దగ్గర 2000 షాక్‌లు నేరుగా ఇస్తే పనిచేసే కణజాలంలో సుమారు 6 శాతం దెబ్బతింది. ముందుగా 12 కిలోవోల్టుల దగ్గర 100 షాక్‌లు ఇచ్చి, ఆపై అదే 2000 ఇస్తే నష్టం 1 శాతం లోపే. నిమిషానికి 120కి బదులు 30 చొప్పున ఇచ్చినా నష్టం బాగా తగ్గింది. తరంగం వెనుక భాగంలో ఒత్తిడి పడిపోయినప్పుడు పుట్టే సూక్ష్మ బుడగలు చిన్న రక్తనాళాలను చీలుస్తాయి. రక్తం చుట్టూ చేరి కిడ్నీ లోపలి సన్నని మూత్రనాళికలు చనిపోతాయి, అక్కడ మచ్చ మిగులుతుంది. మొదటి మెల్లని షాక్‌లకు కిడ్నీ రక్తనాళాలు కుంచించుకుపోవడమే ఆ రక్షణకు కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

అంటే మంచిచెడ్డలు చాలావరకు షాక్‌లు ఇచ్చే తీరులోనే ఉన్నాయి. ఇది తేలేలోపే యంత్రాలు మారిపోయాయి. తొలితరం యంత్రమైన డోర్నియర్ హెచ్‌ఎం3లో రోగిని నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టేవారు. తరంగం కేంద్రీకృతమయ్యే చోటు వెడల్పుగా ఉండేది. తర్వాతి యంత్రాల్లో తొట్టి పోయి జెల్ వచ్చింది. చాలా వాటిలో కేంద్రం సన్నబడి ఒత్తిడి పెరిగింది. ఊపిరితో కిడ్నీ పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి సన్నని కేంద్రం నుంచి రాయి తప్పుకుంటుంది, ఆ షాక్ కణజాలం మీద పడుతుంది. జెల్‌లో గాలి చిక్కితే శక్తి దారిలోనే పోతుంది. రాయి పగలడం లేదని పవర్ పెంచుతారు, షాక్‌ల సంఖ్య పెంచుతారు. మా దృష్టిలో అనవసర నష్టం మొదలయ్యేది ఇక్కడే.

జెల్‌ను చేత్తో పూయకుండా సీసా నుంచి నేరుగా యంత్రం తల మీద ఒకే ముద్దగా వేస్తే గాలి తక్కువ చిక్కుతుంది. తక్కువ పవర్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, షాక్‌ల వేగం నిమిషానికి 60 నుంచి 90 మించకూడదు. ఈ వేగంలో సెషన్ ఎక్కువసేపు సాగుతుంది నిజమే, కానీ 2005లో కెనడా ట్రయల్‌లో 120 కన్నా 60 వేగంలోనే రాళ్లు బాగా పగిలాయి. సీటీలో సాంద్రతను కొలిచే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు 1000 దాటిన గట్టి రాయి, చర్మం నుంచి 10 సెంటీమీటర్ల కన్నా లోతున్న రాయి ఈ పద్ధతికి సరిగా లొంగవు. అలాంటివారికి షాక్‌లు పెంచుతూ పోవడం కన్నా మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి రాయిని తీసే యూరెటెరోస్కోపీ మేలు. గర్భిణులకు, రక్తం గడ్డకట్టే లోపం ఉన్నవారికి, చికిత్స చేయని ఇన్ఫెక్షన్ ఉన్నవారికి, రాయికి దిగువన అడ్డంకి ఉన్నవారికి ఈ చికిత్స చేయకూడదు. అదుపులో లేని బీపీతో షాక్‌లు ఇస్తే కిడ్నీ చుట్టూ రక్తం కారి గడ్డగా చేరే ముప్పు పెరుగుతుంది.

2006 లెక్కలు హెచ్‌ఎం3 కాలానివి, మెల్లగా మొదలుపెట్టే పద్ధతి వాడుకలోకి రాకముందువి. నేడు ఇస్తున్న చికిత్సకు ఆ అంకెలను అలాగే అంటగట్టడం సరికాదు.